‘డేటా ఇచ్చాం కదా’ అంటే సరిపోదు

ఇంటింటి సర్వేల విషయంలో మన చదువుకున్నవాళ్ళలో ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. సర్వే చేసినవాళ్ళ బాధ్యత డేటాను వెబ్‌సైట్‌లో పెట్టడంతో తీరిపోతుందట. ఆపైన దాన్ని విప్పుకోవడం, చదువుకోవడం, లెక్క తేల్చుకోవడం పరిశోధకుడి తలనొప్పి. ‘ఈ కాలమ్‌లో ఉన్న అంకెకు అర్థమేమిటండీ’ అని ఎవరైనా అడిగితే ‘మాన్యువల్ చదవండి’ అన్నది జవాబు. ఇంకాస్త కటువుగా మాట్లాడేవాళ్ళయితే ‘ఆ మాత్రం తెలియనివాడికి పరిశోధన ఎందుకు?’ అంటారు. ఈ మాట అధికారులే అంటారనుకోకండి. పేరున్న ప్రొఫెసర్లు అంటారు. పరిశోధన పత్రికలకు వ్యాసాలు పరిశీలించి పెట్టేవాళ్ళు అంటారు. ఒకప్పుడు నేషనల్ శాంపిల్ సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) డేటా కోసం అర్జీ పెట్టుకుని, డబ్బు కట్టి, సీడీలు తెప్పించుకునేవాళ్ళం. ఇప్పుడు పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా డౌన్‌లోడ్ అవుతోంది, ఇంకేం కావాలి అని కూడా అంటారు.

ఉచితంగా దొరకడం మంచిదే. ఆ హక్కు ఊరికే రాలేదు కూడా. నా అభ్యంతరమల్లా సర్వే ఎక్కడ ముగుస్తుందన్న దాని మీద. ఆ ఫైలులో ఉండేవి జవాబులు. ఎవరిని అడిగారు, ఎవరిని వదిలేశారు, ఎన్ని రోజుల ఖర్చు గుర్తు చేసుకోమన్నారు, ఆ వీధిలో ఆ ఇంటినే ఎందుకు ఎంచుకున్నారు అన్న సంగతులు తెలియకపోతే ఆ జవాబులు ఎందుకూ పనికిరావు. ఆ సంగతుల్లో కొన్ని కాగితం మీద ఉంటాయి. చాలావరకు సర్వే నడిపినవాళ్ళ బుర్రల్లో ఉంటాయి. అడిగినవాళ్ళకు వాటిని విప్పి చెప్పడం సర్వేలో చివరి విడత పని. దాన్ని దానధర్మాల ఖాతాలో రాయడమే మొదటి తప్పు.

ఒక ఉదాహరణ చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. 6,36,699 ఇళ్ళు, 7,24,115 మంది స్త్రీలు. అందులో గృహహింస గురించి అడిగిన భాగం ఒకటుంది. ఆ ప్రశ్నలు అందరినీ అడగలేదు. కొన్ని ఇళ్ళను మాత్రమే తీసుకుని, ఇంటికి ఒక్క స్త్రీని ఎంచుకుని, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని అడిగారు. ఒకే ఇంట్లో ఇద్దరిని అడిగితే ఏం అడుగుతున్నారో ఇల్లంతా తెలిసిపోతుంది, ఆ తర్వాత ఆవిడకు ఏమవుతుందో చెప్పలేం. కనుక ముగ్గురు తోడికోడళ్ళున్న ఇంట్లో ఒక్కర్తే జవాబిచ్చింది. వేరు కాపురం పెట్టుకున్న ఇల్లాలూ ఒక్కర్తే జవాబిచ్చింది. మొదటావిడ ముగ్గురి తరఫున లెక్కకు రావాలి. అందుకని ఈ భాగానికి వేరే వెయిట్ లెక్కగట్టి డి005 అన్న కాలమ్‌లో పెట్టారు. మామూలు ప్రశ్నలకు వాడే స్త్రీల వెయిట్ వి005. రెండూ ఒకే ఫైలులో ఉంటాయి. రెండింటినీ పది లక్షలతో భాగించాలి. పొరపాటున వి005 వేసి లెక్క తీశారనుకోండి, కంప్యూటర్ ఏమీ అనదు. పట్టిక చక్కగా వస్తుంది, శాతాలు నమ్మేలానే ఉంటాయి. ఉమ్మడి కుటుంబాల్లోని కోడళ్ళు మాత్రం ఉండాల్సినంతమంది లెక్కలో ఉండరు. ఏ విషయం గురించి అడిగారో తలుచుకుంటే, ఎవరు మాయమయ్యారో గమనిస్తే, ఇది చిన్న సాంకేతిక దోషం కాదని తెలుస్తుంది.

ఇలాంటివి ఒకటా రెండా? అదే సర్వేలో పిల్లల వయసుకు తగ్గ ఎత్తు సూచీ దశాంశ బిందువు లేకుండా ఉంటుంది. మైనస్ 200 అంటే మైనస్ 2 అని చదువుకోవాలి. కొలత నమ్మదగ్గదిగా లేని పిల్లలకు 9998 అని వేస్తారు. దాన్ని తీసేయకుండా సగటు కడితే మన పిల్లలు ఆకాశమంత ఎత్తు తేలతారు. నేషనల్ శాంపిల్ సర్వే ఫైళ్ళలో వెయిట్‌కు వాడే మల్టిప్లయర్‌ను చాలా రౌండ్లలో కొన్ని వరసలకు 100తోనూ, మరికొన్నింటికి 200తోనూ భాగించాలి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సి అన్న రెండు కాలమ్‌లు సమానంగా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. అందరికీ 100 వేసేస్తే కొన్ని ఇళ్ళ బరువు రెట్టింపవుతుంది. ఇక్కడా కంప్యూటర్ కిక్కురుమనదు.

‘అవన్నీ మాన్యువల్‌లో ఉన్నాయి కదా’ అంటారు. చాలావరకు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ మాన్యువల్ అడిగిన ప్రశ్నను చెబుతుంది. ఆ ప్రశ్న జవాబును ఎలా వంచిందో చెప్పదు.

1999-2000 నాటి వినియోగ వ్యయ సర్వే, అంటే 55వ రౌండు, దీనికి సాక్ష్యం. అంతకుముందు ప్రధాన సర్వేల్లో తిండి ఖర్చును గడచిన 30 రోజుల లెక్కన అడిగేవారు. 51 నుంచి 54వ రౌండు దాకా ప్రయోగంగా కొన్ని ఇళ్ళలో 30 రోజుల లెక్క, వేరే ఇళ్ళలో 7 రోజుల లెక్క అడిగి చూస్తే, 7 రోజుల లెక్కలో ఖర్చు ఎక్కువ తేలింది. ఖర్చు ఎక్కువ తేలితే పేదరికం తక్కువ తేలుతుంది. ఈ తగువు తేల్చుకోలేక 55వ రౌండులో రెండు లెక్కలూ ఒకే పత్రంలో, ఒకే ఇంటివాళ్ళను, పక్కపక్క గడుల్లో అడిగారు. ఏమవుతుంది? వారానికి ఇంత బియ్యం అని ఇప్పుడే చెప్పిన ఇల్లాలు, నెలకు ఎంతమ్మా అనగానే దానికి పొందికగా ఉండేలా చెబుతుంది. అడిగేవాడూ మనసులో నాలుగుతో హెచ్చవేసి చూసుకుంటాడు. ఆ 30 రోజుల గడిలోని అంకెలతోనే 1993-94లో 36 శాతం ఉన్న పేదరికం 26.1 శాతానికి దిగిందని అధికారికంగా ప్రకటించారు. పది శాతం జనం గట్టెక్కారా, లేక గడులు పక్కపక్కన ఉన్నందువల్ల గట్టెక్కినట్టు కనిపించారా అని ఏళ్ళ తరబడి వాదన నడిచింది. ఆర్థికవేత్త ఆంగస్ డీటన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. రెండు సర్వేల్లోనూ మార్పు లేకుండా 30 రోజుల లెక్కనే అడిగిన వంటచెరకు, దీపాల ఖర్చు లాంటి వస్తువులను పట్టుకుని, వాటి ద్వారా మొత్తం ఖర్చును అంచనా కట్టాడు. పేదరికం తగ్గిన మాట నిజమేనని, ప్రకటించినంత మాత్రం తగ్గలేదని తేలింది.

ఆ రెండు గడులూ మాన్యువల్‌లో ఉన్నాయి. అవి పక్కపక్కన ఉండటంవల్ల ఏమవుతుందో మాన్యువల్‌లో లేదు. ప్రపంచంలోని మొదటి వరస ఆర్థికవేత్తలకే ఏళ్ళు పట్టిన సంగతిని మొదటి ఏడాది పరిశోధక విద్యార్థి ఒంటరిగా తేల్చుకోవాలనడం ఏ న్యాయం? పోనీ అది పాత కథ అనుకుందాం. 2022-23 వినియోగ సర్వేలో ఒకే ఇంటికి మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళి, తిండి, రోజువారీ సరుకులు-సేవలు, మన్నిక వస్తువులు అని మూడు పత్రాలుగా అడిగారు. 2011-12లో ఒక్కసారే వెళ్ళారు. గ్రామాల్లో తలసరి నెల ఖర్చు 1,430 రూపాయల నుంచి 3,773 రూపాయలకు పెరిగిందని రెండంకెలను పక్కపక్కన పెట్టి రాసిన వ్యాసాలు మనం ఎన్ని చదవలేదు? ధరల పెరుగుదల తీసేయాలన్న స్పృహ చాలామందికి ఉంది. అడిగే పద్ధతి మారిందన్న స్పృహ చాలా తక్కువమందికి ఉంది.

అసలు ‘ఎవరి తిప్పలు వాళ్ళు పడాలి’ అనేవాళ్ళను ఒక ప్రశ్న అడగాలి. మీరెలా నేర్చుకున్నారు? ఢిల్లీలోనో ముంబయిలోనో పెద్ద సంస్థలో చదివినవాడి గైడుకు ఎన్‌ఎస్‌ఎస్ రౌండ్లు కరతలామలకం. పక్క గదిలో సీనియర్ పాత రౌండు మీద పనిచేసి ఉంటాడు. క్యాంటీన్లో టీ తాగుతూ ‘ఆ రౌండులో ఆ కాలమ్ నమ్మొద్దురా’ అని చెబుతాడు. ప్రోగ్రామ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతుంది. వాళ్ళకు సాయం అందింది, పుష్కలంగా అందింది. అది కాగితం మీద లేదు కాబట్టి సాయమని గుర్తుండదు, అంతే. అనంతపురంలోనో ఎచ్చెర్లలోనో పీహెచ్‌డీ చేసే అమ్మాయికి ఆ క్యాంటీన్ లేదు. ఆమె గైడు చదువుకున్న రోజుల్లో ఇళ్ళవారీ డేటా బయటికే వచ్చేది కాదు. కనుక బహిరంగంగా సాయం వద్దనడమంటే, సాయం ఇప్పుడున్న చోటనే ఉండిపోవాలనడం. బావి అందరిదీ, చేద మాత్రం మా ఇంట్లో ఉంటుంది అన్నట్టు. ఆ అమ్మాయి చివరికి ఏం చేస్తుంది? ఇళ్ళవారీ ఫైలు వదిలేసి ప్రభుత్వ నివేదికలోని పట్టికలు ఎత్తిరాస్తుంది. ఆమె ఊరి గురించి ఆమెకు మాత్రమే తట్టే ప్రశ్న ఉంటుంది, దానికి జవాబు ఆ ఫైలులోనే ఉంటుంది, అయినా అది థీసిస్‌లోకి రాదు. ఆపైన ‘మన యూనివర్సిటీల పరిశోధనలో సరుకు లేదు’ అని మనమే ఎద్దేవా చేస్తాం.

స్థానికంగా తెలిసినవాళ్ళు చెబితే తప్ప తెలియని సంగతులు ఎలాంటివో చూడండి. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు వెళ్ళినవాడు ఆర్నెల్లు దాటితే ఎన్‌ఎస్‌ఎస్ లెక్కలో ఇంటి సభ్యుడు కాడు. అతను పంపే డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది, అతని పేరు మాత్రం వరసలో ఉండదు, భార్య ఇంటి పెద్ద అవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల తెలియని పరిశోధకుడు ఆ ఫైలు చూసి స్త్రీలు పెద్దలుగా ఉన్న ఇళ్ళు పెరిగాయి, సాధికారత వచ్చింది అని రాసేయవచ్చు. జిల్లాల సంగతి ఇంకో తంటా. కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో తెలంగాణకు 10 జిల్లాలు, ఐదో విడతలో 31. రెండింట్లోనూ మహబూబ్‌నగర్ అన్న పేరుంది. 2015-16 నాటి మహబూబ్‌నగర్‌లో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల కలిసే ఉన్నాయి. షాద్‌నగర్ ఆ తర్వాత రంగారెడ్డికి పోయింది, కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. పేరు ఒకటే కదా అని రెండు అంకెలను పోల్చి రక్తహీనత పెరిగిందనో తగ్గిందనో రాసినవాడు రెండు వేర్వేరు ప్రాంతాలను పోలుస్తున్నాడు. కొత్త జిల్లాలను కలిపి పాత జిల్లాకు దగ్గరగా తేవచ్చు, ఎంత దగ్గరో చెప్పాలంటే సర్వే చేసినవాళ్ళు నోరు విప్పాలి.

మన గడ్డ మీదే ఇంకా పాత ఉదాహరణ ఉంది. పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, డోకూరు. మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్ళు. ఊరికి 40 ఇళ్ళు. స్థానిక భాష వచ్చిన ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్ళలోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ఒక్కో ఇంటికీ వెళ్ళి, పంట, కూలి, అప్పు, పెళ్ళి ఖర్చు అన్నీ రాసుకున్నారు. ఆ 40 ఇళ్ళలో 10 భూమిలేని కూలీలవి, చిన్న, మధ్య, పెద్ద రైతులవి పదేసి. అంటే ఊళ్ళో నాలుగోవంతు కూలీలని కాదు, ఒక్కో తరగతి నుంచి పది చొప్పున తీసుకున్నారని. అది తెలియకుండా సగటు కడితే ఊరి సగటు రాదు.

ఆ డేటాతో ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ‘ఎకనామెట్రికా’ పత్రికలో చాలా పేరొచ్చిన వ్యాసం రాశాడు. ఊళ్ళో ఒకరి పంట పోయినా వాళ్ళ తిండి అంతగా పోదు, ఊరు ఊరంతా ఒకరికొకరు బీమాలా నిలుస్తారు అన్న వాదనకు ఔరేపల్లి లాంటి ఊళ్ళు దాదాపు సాక్ష్యంగా నిలిచాయి. మూడేళ్ళకు అదే పత్రికలో మార్టిన్ రవాలియన్, శుభం చౌధురి అడ్డుచెప్పారు. వినియోగం కొలిచిన తీరులోనే లోపాలున్నాయి, దానివల్ల ఫలితం బీమా వైపు మొగ్గుతోంది అన్నది వాళ్ళ అభ్యంతరం. ఎకనామెట్రికాలో రాసేవాడికే డేటా పుట్టిన తీరు తెలియజెప్పాల్సి వచ్చింది. దాన్ని ఎవరూ టౌన్‌సెండ్ చేతకానితనం అనలేదు, శాస్త్రం అలాగే నడుస్తుందన్నారు. ఎచ్చెర్ల అమ్మాయి అదే ప్రశ్న అడిగితే మాత్రం స్పూన్ ఫీడింగ్ అవుతుంది!

సాయం వద్దనేవాళ్ళ రెండో అభ్యంతరం కాస్త మర్యాదగా వస్తుంది. గణాంక శాఖ తటస్థంగా ఉండాలి, ఒక్కో పరిశోధకుడికి చేయి అందిస్తే ఆ పరిశోధనకు ముద్ర వేసినట్టవుతుంది అని. ఏ వెయిట్ వాడాలో చెప్పడం ఫలితానికి ముద్ర ఎలా అవుతుంది? సర్వే ఆఫ్ ఇండియా పటంలో స్కేలు ఎంతో చెప్పినంత మాత్రాన ఎటు వెళ్ళాలో చెప్పినట్టు కాదు. తటస్థత దెబ్బతినేది చాటున చెబితే. ఒకరికి ఫోన్లో చెప్పి ఇంకొకరికి చెప్పకపోతే. అందరూ చూసేచోట ప్రశ్న, జవాబు రెండూ ఉంటే ఇక పక్షపాతమేముంది?

మూడోది ఖర్చు. లక్షల ఇళ్ళు తిరగడానికి డబ్బుంది గానీ, నలుగురిని కూర్చోబెట్టి జవాబులు చెప్పించడానికి లేదు అనడం విడ్డూరం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని ఐపమ్స్ దేశదేశాల జనగణనల, సర్వేల డేటాను ఒకే కోడ్‌ల కింద సర్ది ఇస్తుంది, వాడేవాళ్ళ ప్రశ్నలకు సిబ్బందితో జవాబులిప్పిస్తుంది. మన ఎన్‌ఎస్‌ఎస్ ఉపాధి సర్వేలు, 1983 నుంచి కొన్ని రౌండ్లు, అక్కడ అలా సర్దిపెట్టి ఉన్నాయి. మన ఇళ్ళ గురించి మన ప్రభుత్వం అడిగిన ప్రశ్నల అర్థం మిన్నెసోటా నుంచి తెలుసుకోవడం సిగ్గుచేటని నాకనిపిస్తుంది. డీటన్ తన 1997 పుస్తకం చివర తాను వాడిన ప్రోగ్రామ్‌లు అచ్చువేశాడు. అప్పటికే పెద్ద పేరున్న మనిషి. తన లెక్కలు ఎవరైనా తిరగేసి చూస్తారన్న భయం ఆయనకు లేకపోయింది.

ఈ మధ్య ఇంకో వాదన బయల్దేరింది, ‘ఏఐని అడిగితే చెబుతుంది కదా’ అని. చెబుతుంది. ఒక రౌండు కోడ్‌ను ఇంకో రౌండుకు అంటగట్టి కూడా అంతే నమ్మకంగా చెబుతుంది. ఇన్వెస్టిగేటర్ నాలుగుతో హెచ్చవేసి రాసిన సంగతి ఎక్కడా రాసి లేకపోతే అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది?

ప్రశ్నలవల్ల లాభం అడిగేవాడికే అనుకోవడం ఈ వైఖరికంతటికీ మూలం. చాలాసార్లు లాభం సర్వేకే. ఎన్‌ఎస్‌ఎస్ ఫైలుతో కొత్తగా పనిచేసేవాళ్ళు దాదాపు అందరూ మొదట ఇదే అడుగుతారు: ‘అన్ని వెయిట్లూ కూడితే దేశ జనాభా రావాలి కదా, నాకు చాలా తక్కువ వస్తోంది, ఎక్కడ తప్పు చేశాను?’ తప్పు వాళ్ళది కాదు. ఎన్‌ఎస్‌ఎస్ అంచనా జనాభా లెక్కలకన్నా తక్కువ రావడం ఎప్పటినుంచో ఉన్నదే. శాతాలు సర్వే నుంచి తీసుకుని, జనాభా అంచనా వేరేచోట నుంచి తెచ్చి హెచ్చవేసుకోవాలి. అయితే ఆ ప్రశ్న వెనక ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. తప్పిపోతున్నవాళ్ళు ఎవరు, పేదలా, గేటెడ్ కమ్యూనిటీలో తలుపు తీయనివాళ్ళా? ఆ ప్రశ్న వెయ్యిమంది అడిగితే తర్వాతి సర్వే శాంపిల్ బాగుపడే అవకాశం ఉంటుంది. ‘మాన్యువల్ చదవండి’ అంటే ఉండదు.

2017-18 వినియోగ సర్వేను ఇక్కడ తలచుకోక తప్పదు. నాణ్యత బాగోలేదంటూ ప్రభుత్వం 2019 నవంబరులో దాన్ని విడుదల చేయరాదని నిర్ణయించింది. నాణ్యత నిజంగా బాగోలేకపోయి ఉండవచ్చు. 55వ రౌండు నాణ్యతా బాగోలేదు. దాన్ని బయటపెట్టారు గనుకే ఎక్కడ ఎంత బాగోలేదో డీటన్ వంటివాళ్ళు తేల్చగలిగారు. అడిగేవాళ్ళకు జవాబు చెప్పే అలవాటున్న శాఖకు లోపమున్న డేటాను చూసి భయపడాల్సిన అవసరం ఉండదు. ఆ అలవాటు లేనప్పుడు తాళం వేయడమే తేలిక. ఈమధ్య కేంద్ర గణాంక శాఖ డేటా వాడేవాళ్ళతో సమావేశాలు పెడుతోంది. సంతోషమే. కానీ సమావేశం ఒక రోజు జరుగుతుంది, సందేహం మరునాడు వస్తుంది.

సాయం చేసేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో ఊహించుకోనక్కరలేదు. మన కుటుంబ ఆరోగ్య సర్వే డేటా పరిశోధకులకు అందేది అమెరికా నిధులతో 1984 నుంచి నడిచిన డీహెచ్ఎస్ కార్యక్రమం ద్వారా. తొంభైకి పైగా దేశాల సర్వేలు అక్కడున్నాయి. ఏ వెయిట్, ఏ కోడ్, ఎందుకు అన్న ప్రశ్నలకు అక్కడి నిపుణులు ఏళ్ళ తరబడి ఓపిగ్గా జవాబులు రాశారు. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయానికి కత్తెర వేసేసరికి ఆ కార్యక్రమం ఆగింది, కొత్తగా డేటా కోరేవాళ్ళకు తలుపు మూసుకుంది. తర్వాత తాత్కాలికంగా కొంత డబ్బు దొరికిందన్నది వేరే సంగతి. తెలుగు తల్లుల రక్తహీనత మీద పనిచేసే విద్యార్థి సందేహం వాషింగ్టన్ బడ్జెట్ మీద ఆధారపడి ఉందని అప్పుడు గాని మనకు తెలియలేదు.

తెలంగాణ సొంతంగా రెండు పెద్ద ఇంటింటి లెక్కలు తీసింది. 2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఇళ్ళలో కూర్చుని, పొరుగూళ్ళ నుంచి బస్సులెక్కి వచ్చి మరీ సమగ్ర కుటుంబ సర్వేలో పేర్లు రాయించుకున్నారు. ఆ ఇళ్ళవారీ వివరాలు పరిశోధకుల చేతికి రాలేదు. 2024 నవంబరులో కులాల వివరాలతో మళ్ళీ ఇంటింటికీ వెళ్ళారు. ఆ డేటా, పేర్లు చిరునామాలు తీసేసి, రేపు బయటికి వస్తే ‘ఇదిగో ఫైలు’ అని చేతులు దులుపుకోకూడదు. ప్రశ్నావళి తయారుచేసినవాళ్ళలో కొందరినైనా రెండేళ్ళు అదే పని మీద ఉంచాలి. తాళం వేసున్న ఇంటిని ఏం చేశారు, హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్ళో రాయించుకున్నవాళ్ళను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఎలా చూశారు, వివరాలు చెప్పనన్నవాళ్ళను ఏ కోడ్ కింద వేశారు అని అడిగినప్పుడు, ఆ కొందరు తమ పేరుతో తెలుగులో, ఇంగ్లీషులో, అందరికీ కనిపించేచోట జవాబు రాయాలి. జవాబు తెలియకపోతే తెలియదని రాయాలి. ఆ రెండేళ్ళ జీతాలు సర్వే బడ్జెట్‌లో ఎన్యూమరేటర్ల భత్యం పక్కనే, అదే పేజీలో ఉండాలి.